వేళాంగణి నుంచి ఉత్తరాలు

వేళాంగణి,
శనివారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాం. గుణదల మేరీమాత తిరునాళ్ళు ఎన్నిసార్లు చూశానో, అయినా ఇక్కడి జనాన్ని చూసి కళ్ళు తిరిగాయి. మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే, ఆగస్టు 29న జెండా ఎక్కి సెప్టెంబరు 8 దాకా సాగే పండుగలో ఎలా ఉంటుందో! గుండు చేయించుకున్న పిల్లలు, కొవ్వొత్తులు, కొబ్బరి మొక్కలు. పాత గుడి వైపు ఇసుక దారిలో కొందరు మోకాళ్ళ మీద వెళ్తున్నారు. ఒకామె మోకాళ్ళకి తువ్వాలు చుట్టుకుంది. భర్త గొడుగు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు.

దుకాణాల్లో రేకు బొమ్మలు అమ్ముతారు. కన్ను, కాలు, గుండె, ఇల్లు, ఉయ్యాల. ఏ బాధ ఉన్నవాళ్ళు ఆ బొమ్మ కొని మాతకి సమర్పిస్తారు. లోకంలోని కష్టాలన్నిటికీ ధర కట్టి బల్ల మీద పరిచినట్టుంది. నీ కష్టానికి తగ్గ బొమ్మ మాత్రం నాకు దొరకలేదు.

వేళాంగణి,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

పొద్దున పూజ అయ్యాక సముద్రం దగ్గరికి వెళ్ళాం. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 కూడా ఆదివారమే. క్రిస్మస్ మరునాడు. గుడిలో పూజలో ఉన్నవాళ్ళు బతికారు. తీరాన ఉన్న యాత్రికులూ దుకాణాలవాళ్ళూ కొట్టుకుపోయారు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా పోయారు. గుర్తుపట్టలేని శవాలను కలిపి పూడ్చారు. వాళ్ళకి ఇక్కడ స్మారకం ఉంది.

“గుడికి ఏమీ కాలేదు, అంతా మాత మహిమ” అన్నాడు ఒక దుకాణదారు. నాకు మింగుడుపడలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళూ మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళే కదా!

స్మారకం దగ్గర కొవ్వొత్తులు అమ్మే ఒక ముసలామె కనిపించింది. ఆమె తమిళంలో చెప్పిన మాటలను చెన్నైలో ఉండొచ్చిన మా లాడ్జీ ఆవిడ నాకు తెలుగులో చెప్పింది. ఆ రోజు ఆమె కొడుకు పోయాడట. ఇప్పటికీ రోజూ పూజకి వెళ్తుందట. “దేవుడి మీద కోపం లేదా?” అని అడిగాను. “ఎందుకు లేదు? అదీ మాతకే చెప్తాను. ఆమె కొడుకునీ ఆమె కళ్ళముందే చంపారు. ఆమెకి తెలుస్తుంది” అంది.

నాగపట్నం స్టేషన్,
సోమవారం

అక్కా,

రైలు ఆలస్యం, అందుకే ఇంకోటి రాస్తున్నా. బావ కోసం నువ్వు మొక్కిన మొక్కు వినపడలేదా అని మాతని అడగమన్నావు. అడిగాను. జవాబేమీ రాలేదు.

లాజరు చనిపోయినప్పుడు మార్త ఏం చేసిందో గుర్తుందా? నువ్వు ఇక్కడుంటే మా తమ్ముడు బతికేవాడని ప్రభువునే నిలదీసింది. ఆయన ఆమెని కసురుకోలేదు. సమాధి దగ్గరికి వెళ్తూ ఏడ్చాడు. సిలువ మీద, నన్నెందుకు విడిచావని తండ్రిని తానే అడిగాడు. మన బాధలకి కారణం చెప్పే దేవుడు నాకింకా దొరకలేదు, అక్కా. మనతో కూర్చుని ఏడ్చే దేవుడు మాత్రం ఉన్నాడు. నాకు ఆదరణ అదే. ఆ కొవ్వొత్తుల ఆమెకీ అంతేననుకుంటా.

బావ పోయాక నువ్వు గుడికి రావడం మానేశావు. తప్పుపట్టను. వచ్చే ఆదివారం మాత్రం నాతో రా. ప్రార్థన చేయాలనిపించకపోతే ఆయన్ని నిలదీయి. నేను పక్కనే కూర్చుంటాను.

నీ చెల్లి