రంగు చెప్పు లెక్క

కోసిన వంకాయ ముక్క గాలి తగిలిన కొంతసేపటికే నల్లబడును. నిలువయుంచిన నూనె నాళ్ళు గడచిన కొలది వాసన మారును. ఈ రెండు మార్పులకును గాలిలోని ఆక్సిజనే కారణము. ఇట్టి మార్పును ఆక్సీకరణమందురు. కోసిన ఆపిల్ ముక్కలపై నిమ్మరసము పిండినచో అవి త్వరగా రంగు మారవు. ఆక్సీకరణమును అడ్డగించు పదార్థములు నిమ్మరసములో నుండుటయే దీనికి ముఖ్యకారణము. అట్టి వానిని ఆక్సీకరణ నిరోధకములందురు. ఏ కాయలో, ఏ ఆకులో ఈ గుణమెంత కలదో తెలిసికొనుట ఎట్లు? కంటికి కనబడని ఈ గుణమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు కంటికి కనబడు రంగును సాధనముగా గైకొనిరి.

ఈ సందర్భమున హంగరీ శాస్త్రజ్ఞుడైన ఆల్బర్ట్ సెంట్ గ్యార్గి వృత్తాంతము చెప్పదగినది. కొన్ని మొక్కలు దెబ్బతగిలిన చోట నల్లబడుటయు, కొన్ని నల్లబడకుండుటయు ఆయనకు వింతగా తోచెను. బెంజిడీను అను పదార్థమునకు పెరాక్సైడును, పెరాక్సిడేజు అను ఎంజైమును చేర్చినచో వెంటనే గాఢమైన నీలిరంగు పుట్టును. శుద్ధిచేసిన ఎంజైమునకు బదులుగా, నల్లబడని మొక్కల రసమును ఆయన కలిపి చూచెను. నీలిరంగు వచ్చినది గాని, సుమారొక సెకను ఆలస్యముగా వచ్చినది. మరియొకరైనచో ఆ సెకనును గమనింపకయే పోయియుందురు. ఆయన మాత్రము రంగును ఆపుచున్న పదార్థమేదో ఆ రసములో కలదని గ్రహించి దానిని వెదకెను. వేరుచేసిన ఆ పదార్థమును గూర్చి 1928లో ప్రకటించెను. అదియే సి విటమినని 1932లో తేలెను. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

నేటి ప్రయోగశాలలలో విరివిగా వాడబడు పద్ధతి యొకటి 1958లో మార్స్‌డెన్ బ్లాయిస్ ప్రకటించినది. అణువులలో ఎలక్ట్రానులు సాధారణముగా జంటలై యుండును. జంటలేని ఎలక్ట్రాను గల దానిని ఫ్రీ రాడికల్ అందురు. ఫ్రీ రాడికల్స్‌లో పెక్కు క్షణకాలమైనను నిలువవు. దొరికిన అణువుతో చర్య జరిపి మారిపోవును. కాని డి.పి.పి.హెచ్. అను ఫ్రీ రాడికల్ సీసాలో నిలువయుండును. ఆల్కహాలులో కరగించినపుడు దాని రంగు ముదురు ఊదా. నిరోధకము తగిలినంతనే ఆ ఊదా తగ్గి పసుపు వన్నెకు దిగును.

ఉసిరికాయను పరీక్షింపవలెనన్నచో, ఎండిన కాయ పొడిని మెథనాలులో నానబెట్టి వడగట్టుదురు. ఆ ద్రవమును కొద్ది కొద్ది మోతాదులలో ఊదా ద్రావణము గల గొట్టములకు చేర్చి, సాధారణముగా 30 నిమిషములు చీకటిలో నుంచుదురు. పిదప 517 నానోమీటర్ల కాంతిని ఆ ద్రావణమెంత పీల్చుకొనుచున్నదో స్పెక్ట్రోఫోటోమీటరు అను యంత్రముతో చూతురు. ఉసిరిక ద్రవము కలుపని గొట్టములో అంకె 0.80 అనియు, కలిపిన గొట్టములో 0.20 అనియు అనుకొందము. తగ్గినది 0.60, అనగా నూటికి 75 వంతులు. రంగును సరిగా సగమునకు తగ్గించుటకు ఎంత మోతాదు కావలెనో లెక్కగట్టుట ఇందు ముఖ్యము. ఆ మోతాదు ఎంత తక్కువైన, నిరోధకము అంత బలమైనది. కొంచెము మాత్రముననే పని నెరవేర్చునది గొప్పది గదా!

ఇతర పద్ధతులును కలవు. 1996లో బెంజీ, స్ట్రెయిన్ అనువారు ప్రకటించిన పద్ధతిలో నిరోధకము ఇనుప అయానునకు ఎలక్ట్రానునిచ్చి నీలిరంగు పుట్టించును. 1927లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫోలిన్, చోకల్టు అనువారు తయారుచేసిన ద్రావణముకూడ నీలముగా మారును. ఆ నీలము మాలిబ్డినము, టంగ్‌స్టన్ అను లోహములవలన కలుగును. మాలిబ్డినపు నీలముతోనే మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించెను. అదియు హార్వర్డులోనే జరిగినది.

అయితే ఒక జాగ్రత్త అవసరము. నీటిలో నానబెట్టిన ఆకునకు ఒక అంకెయు, ఆల్కహాలులో నానబెట్టిన అదే ఆకునకు మరియొక అంకెయు రావచ్చును. బీటు దుంప రసమునకు తన రంగు తనకే కలదు; దానిని విడిగా కొలిచి తీసివేయనిచో లెక్క తప్పును. ఇనుముతో చేయు పరీక్షలో ముందున్న పండు ఊదారంగు పరీక్షలో వెనుకబడవచ్చును. కావున ఏ పద్ధతిలో, ఏ ద్రవములో, ఎంతసేపు చేసినదో చెప్పని అంకెకు విలువ లేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. గాజు గొట్టములో జరుగునదంతయు మనుష్య శరీరములో జరుగదు. తినినది జీర్ణమై, మార్పు చెంది, కొంత మాత్రమే రక్తమును చేరును. ఫిన్లండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై జరిగిన పరిశోధన ఫలితములు 1994లో వెలువడినవి. వారిలో కొందరికి ఆక్సీకరణ నిరోధకమని పేరొందిన బీటా కెరోటీనును మాత్రలుగా ఇచ్చిరి. అది మేలుచేయునని పెక్కుమంది తలచిరి. కాని దానిని తీసికొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా నూటికి 18 వంతులు హెచ్చెను. అమెరికా వ్యవసాయశాఖ ఆహారపదార్థముల నిరోధకశక్తిని తెలుపు పట్టికను ప్రకటించియుండెను. ఆ అంకెలను వ్యాపారులు తమ సరకుల ప్రచారమునకు వాడుకొనుచున్నారనియు, అవి శరీరమునకు కలుగు మేలును తెలుపవనియు చెప్పి, 2012లో ఆ పట్టికను ఉపసంహరించెను.

ఇందుచేత ఈ పరీక్షలు వ్యర్థములని తలపరాదు. నూనె ఎన్నాళ్ళు చెడకుండునో, ఎండబెట్టుటవలన ఆకుకూర ఎంత సారమును కోల్పోవునో, రెండు రకముల పంటలలో ఏది మెరుగో తెలిసికొనుటకు ఇవి మిక్కిలి తోడ్పడును. మందుగా వాడదగిన మొక్కలను ఏరుటలో ఇవి మొదటి జల్లెడ వంటివి. జల్లెడలో నిలిచినదంతయు మందు కాదు. దానిని ఇంకను పరీక్షింపవలసి యుండును. సంత నుండి తెచ్చిన డబ్బాపై పెద్ద అంకె కనబడినపుడు, దానిని ఎవరు, ఎట్లు, దేనికై కొలిచిరని ప్రశ్నించుట విద్యావంతుని లక్షణము.