మండపంలో దిగితే

రామేశ్వరం వెళ్లే తెలుగువాళ్లలో మండపంలో దిగేవాళ్లు అరుదు. మదురై నుంచి నేనెక్కిన బస్సులో నెల్లూరు వైపు యాత్రికుల జట్టు ఒకటి ఉంది. నేను సంచీ తీసుకుని లేస్తుంటే ఒక పెద్దాయన కంగారుపడి, "గుడి ఇంకా రాలేదు బాబూ, వంతెన దాటాలి" అన్నాడు. సముద్రం చూడ్డానికొచ్చానండీ అంటే, అక్కడున్నదీ సముద్రమే కదా అన్నట్టు నవ్వాడు.

ఒకప్పుడు సిలోను తేయాకు తోటలకు వెళ్లే కూలీలను ఓడ ఎక్కించే ముందు ఇక్కడి క్యాంపులోనే ఆపేవాళ్లు. ఊరి పేరు చివర ఆ 'క్యాంపు' ఇంకా వేలాడుతూనే ఉంది. 1947లో పుట్టిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు 1971లో కొచ్చికి తరలేదాకా ప్రధాన స్థానం ఇదే. ఇప్పుడు ప్రాంతీయ కేంద్రంగా మిగిలింది. కోబియా చేపకు మన దేశంలో మొదటిసారి హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను తీసింది 2010లో, ఇక్కడే. ఆ కేంద్రంలోని అక్వేరియం చూసి బయటికొచ్చాక, ఈ ఊళ్లోనే పరిశోధన చేసుకుంటున్న శ్రీకాకుళం కుర్రాడొకడు తోడు దొరికాడు. అతనికి తమిళం బాగా పట్టుబడింది. నాకు దుబాసీ అతనే.

ఇద్దరం రామేశ్వరం వైపు బయల్దేరితే, వంతెన మీద ఆటో ఆపించాడు. "ఎడమ చేతికి పాక్ బే, కుడి చేతికి మన్నార్ సింధుశాఖ. రెండింటి తీరూ వేరు సార్" అన్నాడు. కుడివైపు, రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1986లో వాటిని సముద్ర జాతీయ పార్కు చేశారు. అంతకుముందు సున్నానికీ సిమెంటుకూ పగడపు రాయిని పడవలకు పడవలు తవ్వుకుపోయారు. ఆ తవ్వకాల పుణ్యమా అని దీవుల్లో రెండు నీళ్లలో మునిగిపోయాయి. పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది 2001లో. కాగితం వచ్చేసరికి ఆ రెండు దీవులూ వెళ్లిపోయాయన్నమాట.

వంతెన దాటాక, పాంబన్ పక్కనే చిన్నపాలెం. ఒడ్డునే ఇసుక మీద గోధుమ రంగు నాచు ఆరబోసి ఉంది. అప్పుడే నీళ్లలోంచి వచ్చిన నడివయసు ఆవిడ చీర మీదే మగవాళ్ల చొక్కా తొడుక్కుని ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వేళ్లకు చుట్టుకున్న గుడ్డ పీలికలు ఒక్కొక్కటే విప్పుతోంది. రాళ్ల అంచులు కోయకుండా ఆ పీలికలు. అయినా వేళ్ల కణుపుల దగ్గర తెల్లగా ఉబ్బిన చర్మం మీద పాత గాట్లు, కొత్త గాట్లు కలగలిసిపోయి కనిపించాయి. సంచీలోంచి పిడికెడు నాచు తీసి నా చేతిలో పెట్టింది. గుర్రపు వెంట్రుకల్లా బిరుసుగా ఉంది. దీన్నుంచే అగర్ తీస్తారు. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే పళ్లేల్లోకీ, మిఠాయిల్లోకీ వెళ్లేది అదే.

"వేరు పట్టు రాయికే వదిలేసి పైది తుంచాలయ్యా. గీకితే మళ్లీ మొలవదు" అంది. నెలకు పన్నెండు రోజులే దిగుతారట. వేట నిషేధం రోజుల్లో అసలు దిగరట. ఈ కట్టుబాటు ఆడవాళ్లు తమకు తాము పెట్టుకున్నది. దీనికి నాయకత్వం వహించిన లక్ష్మీమూర్తి ఈ ఊరావిడే. 2015లో ఆమెకు సీకాలజీ సంస్థ అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. కానీ దీవుల చుట్టుపక్కల నీళ్లు పార్కులోవి కాబట్టి ఈ ఆడవాళ్లకు అటవీశాఖ వాళ్లతో తగువు తప్పలేదు. పడవ సొంతం కాదు, నీళ్లూ సొంతం కాదు. కట్టుబాటు మాత్రం సొంతం.

మధ్యాహ్నం వెనక్కొచ్చి మునైకాడు వెళ్లాం. అది పాక్ బే వైపు. అలలు లేని నీళ్ల మీద వెదురు తెప్పలు వరసలుగా తేలుతున్నాయి. తాళ్లకు చిన్న చిన్న ముక్కలు కట్టి వదిలితే నలభై అయిదు రోజుల్లో కోతకొచ్చే కప్పాఫైకస్ అనే ఫిలిప్పీన్స్ జాతి నాచు ఇది. చేపలు మేసిపోకుండా తెప్ప అడుగున వల కట్టారు. దీన్నుంచి తీసే కారాజీనన్ ఐస్‌క్రీముల్లోకీ టూత్‌పేస్టుల్లోకీ పోతుంది. 2000 ప్రాంతంలో పెప్సికో చొరవతో ఊపందుకున్న ఈ సాగు ఎందరో ఆడవాళ్లకు రాళ్ల మీద పాకే పని తప్పించింది. చేపల పంజరాల చుట్టూ ఈ తెప్పలు కట్టి చూశారు శాస్త్రవేత్తలు. చేపల వ్యర్థాలు నాచుకు ఎరువై దిగుబడి పెరిగింది.

"మరి ఇదే మంచిది కదా?" అన్నాను.

"ఇది అటువైపు పోకూడదు సార్" అన్నాడు కుర్రాడు. అటువైపు కురుసడై దీవి దగ్గర ఈ నాచు పగడాల మీద పరుచుకుని వాటికి ఊపిరాడకుండా చేస్తున్నట్టు 2008లో పరిశోధకులు బయటపెట్టారు. కూడు పెట్టే మొక్కే వంతెనకు అటుపక్క చీడ. అందుకే ఎక్కడ పెంచాలో, ఎక్కడ పెంచకూడదో గీత గీయాల్సి వచ్చింది. నీళ్లు వేడెక్కిన ఏడాది తెప్పల మీది నాచు కూడా కుళ్లిపోతుందని అక్కడున్న రైతు చెప్పాడు.

ఈ జిల్లాలో మరబోట్లు వారానికి మూడు రోజులు, నాటు పడవలు మిగతా నాలుగు రోజులు వేటకెళ్లాలన్న నియమం కూడా ఉంది. ఒకరి వలలు ఒకరు తెంచుకున్న గొడవల్లోంచి పుట్టిందది. సంస్థల్లో లెక్కలు తేల్చేవాళ్లున్నారు, శాఖల్లో గీతలు గీసేవాళ్లున్నారు. సముద్రం మిగిలేది మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ల వల్ల. ఆ వెనక్కి తీసుకున్న రోజుల కూలి ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజులకిచ్చే భృతి 2025లో ఇరవై వేల రూపాయలైంది. అది పడవెక్కి వేటకెళ్లేవాళ్లకు. పడవ లేకుండా, నడుంలోతు నీళ్లలో దిగి, నెలలో సగానికి పైగా రోజులు తమంతట తామే ఆగిపోయేవాళ్లను ఏ పద్దులో రాయాలో ఏ ప్రభుత్వమైనా తేల్చుకోవాలి. సముద్ర సంరక్షణ అని మనం పెట్టే ఖర్చులో మొదటి వాటా వాళ్లదే అవ్వాలని నాకనిపించింది.