హనుమంతుడి వేషం, దెయ్యం వేషం

మొన్న దీపావళి సెలవుల్లో సూరత్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మనవడికి పదకొండేళ్ళు. అపార్ట్‌మెంటు పిల్లలంతా కలిసి ఫోన్లలో ఏదో పోరాటపు ఆట ఆడుతుంటారు. అందులో ఎవరి బొమ్మని వాళ్ళే తయారు చేసుకోవాలి. దాన్ని అవతార్ అంటారు. మావాడు తన బొమ్మకి తోక పెట్టి, చేతికి గద ఇచ్చి, హనుమాన్ అని పేరు పెట్టాడు. ఓడిపోయినప్పుడల్లా ఆ బొమ్మ కిందపడి చస్తుంది. ఇది తెలిసి పొరుగింటాయన వచ్చి, "దేవుణ్ణి చంపి ఆడుకుంటారా?" అని మా అమ్మాయి మీద కేకలేసి వెళ్ళాడు.

ఇన్నేళ్ళు హేతువాద సభల్లో మైకు పట్టుకున్న నేను అప్పుడు ఏం చేశాను? "ఎందుకొచ్చిన గొడవరా, ఆ పేరు తీసెయ్" అన్నాను. తీసేశాడు. "నేను చేసిన తప్పేంటి తాతయ్యా?" అని మాత్రం అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ బాకీ తీర్చడానికే ఇది రాస్తున్నాను.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. 2009లో మన హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట తయారు చేసింది. సోనీ ప్లేస్టేషన్ 2 కోసం పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ఆట అది. దాన్ని వెనక్కి తీసుకోవాలని అమెరికా నుంచి రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు డిమాండ్ చేశారు. బొత్తాలు నొక్కి హనుమంతుణ్ణి తమ ఇష్టం వచ్చినట్టు ఆడించడమంటే ఆయన్ని కించపరచడమే అన్నది ఆయన వాదన. 2012లో 'స్మైట్' అనే ఆటలో కాళికాదేవి ఉన్నందుకూ ఆయనే అభ్యంతరం చెప్పారు.

విచిత్రమేమిటంటే, అవతారమనే మాటని ఆటల్లోకి తీసుకుపోయింది అవమానించడానికి కాదు. 1985లో రిచర్డ్ గారియట్ 'అల్టిమా 4' తయారు చేసినప్పుడు, ఆటలోని బొమ్మ చేసే పనికి ఆడేవాడే బాధ్యుడు కావాలనుకున్నాడు. దొంగతనం చేసినా, అబద్ధమాడినా ఆ ఆటలో మంచితనం తగ్గిపోతుంది. ఆ బాధ్యత గుర్తుండాలనే మన అవతార్ అనే మాట వాడుకున్నాడు.

ఇక ఆడించడం సంగతి. మన సురభి వాళ్ళు 1885 నుంచి చేస్తున్నదేమిటి? దేవుళ్ళ వేషాలు కట్టి, దర్శకుడు చెప్పినట్టు ఆడడమే కదా? 1997లో విడుదలైన గుణశేఖర్ 'రామాయణం'లో వేషాలన్నీ పిల్లలవే. జూనియర్ ఎన్టీఆర్ రాముడు. దానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. ఓడిపోకూడదంటారా? లంకలో హనుమంతుడు బ్రహ్మాస్త్రానికి కట్టుబడలేదా, తోకకి నిప్పు పెట్టించుకోలేదా? పిల్లాడు కాగితపు తోక తగిలించుకుని స్టేజీ మీద దూకితే చప్పట్లు, ఫోనులో దూకిస్తే అపచారం. ఈ లెక్క నాకు ఎంతకీ టాలీ కాలేదు.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర ఆడిట్ అబ్జెక్షన్ రాస్తే రెండు చెప్పాలి: ఏ రూలు తప్పారు, ఎవరికి ఎంత నష్టం. పొరుగింటాయన రెండూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రూలు సంగతి చూద్దాం. 1927లో తెచ్చిన 295ఎ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించడాన్నే అది నేరమంటుంది. తెలియకో, అజాగ్రత్త వల్లో జరిగినవి దీని కిందికి రావని 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మావాడు ఆ వేషం కట్టింది హనుమంతుడంటే ఇష్టంతో. నాకు లేని భక్తి వాడికుంది!

ఆటలకి నియమాలే వద్దని నేననను. అదే బొమ్మతో వాడు ఇంకో మతం పిల్లాణ్ణి వెంటపడి ఏడిపిస్తే, వాణ్ణి ఆటలోంచి తీసెయ్యాలనే అంటాను. అక్కడ నష్టపోయినవాడు కనబడుతున్నాడు. నియమం చూడాల్సింది వేషాన్ని కాదు, ఆ వేషంలో ఎదుటివాడికి ఏం చేశాడన్నది. పొరుగింటాయన బాధ నిజమే కావచ్చు. నచ్చకపోతే ఆయన ఆ ఆట ఆడక్కర్లేదు, చూడక్కర్లేదు.

ఆ ఆదివారం అందరం డుమస్ వెళ్ళాం. అక్కడి సముద్రపు ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది. టమాటా భజ్జీలకి పేరున్న చోటు. దెయ్యాలకి ఇంకా పేరు. పూర్వం శవాలు కాల్చిన బూడిదకే ఇసుక నల్లబడిందనీ, రాత్రిపూట గుసగుసలు వినబడతాయనీ కథలు. ఇసుకలోని ఖనిజాల వల్లే ఆ రంగని మావాడికి చెప్పి, చీకటి పడేదాకా కూర్చోబెట్టాను. గాలి, అలలు, కుక్కలు, అంతే.

ఇంటికొచ్చాక వాడు ఆటలో కొత్త బొమ్మ చేశాడు. తెల్లచీర, విరబోసిన జుట్టు. పేరు 'డుమస్ కా భూత్'. పిల్లలందరికీ తెగ నచ్చింది. ఒక్క పెద్దమనిషీ తలుపు తట్టలేదు. దెయ్యానికి మనోభావాలు లేవు కదా!

అప్పుడు చెప్పాను. "నువ్వు చేసిన తప్పేం లేదురా. ఆ రోజు ఆయనకి ఆ మాట చెప్పకపోవడం నా తప్పు. కావాలంటే మళ్ళీ హనుమాన్ అని పెట్టుకో, ఈసారి ఆయనతో నేను మాట్లాడతాను."

వాడు ఫోనులోంచి తలెత్తలేదు. "వద్దులే తాతయ్యా, భూతమే బాగుంది. ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.