రెండు పిగిలిపిట్టలు

మెట్‌పల్లిలోని మా పెరటి గోరింట పొదలో ఈ వేసవిలోనూ పిగిలిపిట్టల జంట గూడు కట్టింది. నల్లని తల, కొద్దిగా నిక్కిన జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ. బుల్‌బుల్ అంటే మీకు వెంటనే గుర్తుకు రావచ్చు. "తాతా, ఇవి కూడా అంతరించిపోతాయా?" అని మనవరాలు అడిగింది.

వీటికి ఆ భయం లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వీటిని ఆందోళన అవసరం లేని పక్షుల జాబితాలో ఉంచింది. పండు, పురుగు, పూదేనె ఏది దొరికినా తింటాయి. ఏ పొదలోనైనా గూడు కడతాయి. ఫిజీ, హవాయి దీవులకు మనుషులు కొనిపోతే అక్కడి తోటలకు బెడదగా మారాయి.

వీటి దాయాది మరొకటి ఉన్నది: పసుపు గొంతు పిగిలి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. బండరాళ్ళ కొండవాలు, ముళ్ళపొదలు ఉంటేనే బతుకుతుంది. అదే సంఘం దీనిని ముప్పు పొంచి ఉన్న జాతిగా లెక్కించింది. శాస్త్రలోకానికి తొలుత వర్ణించి చెప్పిన జెర్డన్ కూడా, నావలెనే, వైద్యుడు; నెల్లూరులో సర్జనుగా పనిచేశాడు. పదవీ విరమణ తరువాత మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలపై ఒక తెల్లవారుజామున దానిని చూశాను. గొంతు పసుపు, తోక కొసలు పసుపు. అరనిమిషమే కనిపించింది.

దాని ముప్పులలో రాతి క్వారీ ఒకటి. ఆ మాట వింటే నాకు పిట్టకంటె ముందు ఒక మనిషి గుర్తుకు వస్తాడు. మా కరీంనగర్ ప్రాంతపు గుట్టలు గ్రానైటై ఓడలెక్కుతున్న కాలంలో ఒక రాళ్ళు కొట్టే కార్మికుడు దగ్గుతో నా దగ్గరకు వచ్చాడు. క్షయ అనుకొని నెలల తరబడి మందులిచ్చాను. ఏమి పని చేస్తావని అడగలేదు. అది సిలికోసిస్. రాతి దుమ్ము ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కడుతుంది. ఆ మచ్చలను మాన్పే మందు నేటికీ లేదు. తెలిసేసరికి అతడు పది అడుగులు నడవలేని స్థితిలో ఉన్నాడు. ముందే అడిగి ఉంటే, కనీసం ఆ దుమ్ము నుండి తప్పించగలిగేవాడిని.

మీ ఇంట రాళ్ళ పని చేసేవారుంటే, దగ్గుతో ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా, ఆయన అడగకపోయినా ఆ సంగతి మొదట చెప్పండి. రాయిని నీటితో తడుపుతూ కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. ముఖానికి చుట్టుకొన్న తువ్వాలు ఆ సన్నని ధూళిని ఆపదు.

గూటిలో మూడు గుడ్లున్నాయి. దూరం నుండే చూడమని మనవరాలికి చెప్పాను.