రక్తనాళం గోడ దగ్గర

జూన్ 4

యూరాలజీ వార్డులో పెద్దాయనకి ఇవాళ బీసీజీ మొదటి డోసు. కణితి గీసి తీసి మూడు వారాలైంది. కాథెటర్‌కి బెదరలేదు, మందు పేరుకి బెదిరారు.

“టీబీ పురుగునే నాలోకి పంపుతారటగా, డాక్టరమ్మా?”

“అవును బాబాయ్ గారూ, బలం తగ్గించిన పురుగే. దాన్ని చూసి మీ తెల్లకణాలు మూత్రాశయంలోకి రావాలి, కేన్సర్ మీద పడాలి. రెండు గంటలు ఆపుకోండి చాలు.”

బీసీజీని తయారుచేసిన కాల్మెట్, గెరాన్ ఆ పురుగును పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద 13 ఏళ్లపాటు, 230 సార్లు తిరగవేసి పెంచారు. అలా బలం తగ్గించింది టీబీని అడ్డుకోవడానికి. 1976లో కెనడాలోని కింగ్‌స్టన్ నుంచి అల్వారో మొరాలెస్ దాన్నే మూత్రాశయ కేన్సర్‌కి వాడిన ఫలితాలు వెల్లడించారు. ఇవాళ్టికీ పైపొరల్లోని, తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న కణితులకి మొదట తలచుకునే మందు ఇదే.

జూన్ 11

రెండో డోసు వాయిదా. కాథెటర్ వేయగానే ఎర్రగా వచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, పాపం, మొహం చిన్నబోయింది. అయినా తప్పదు. తెగిన రక్తనాళంలోంచి బతికున్న బీసీజీ రక్తంలో కలిస్తే ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం మీదికి రావచ్చు. పక్కన కూర్చుని ఆ సంగతే నెమ్మదిగా చెప్పాను. “అయితే వచ్చే వారమే వస్తానమ్మా” అన్నారు.

రక్తనాళం గోడ పురుగును లోపలికి రానివ్వకూడదు, తెల్లకణాలను మాత్రం బయటికి పంపాలి. ఈ చికిత్స నిలిచేది ఆ రెండింటి మీదే.

జూలై 9

ఐదో డోసు అయ్యాక పట్టిన మూత్రం ల్యాబ్‌కి వచ్చింది. సేఫ్టీ క్యాబినెట్‌లోనే విప్పి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన కణాలకి గీమ్సా రంగు వేశాను. స్లైడ్ నిండా న్యూట్రోఫిల్‌లు, మూడు నాలుగు తమ్మెల ఊదారంగు కేంద్రకాలతో. పై ద్రవాన్ని ఎలైసాకి పెట్టాను. ఆ కణాలను పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 గుంటల్లో ఆమ్లం చుక్క పడగానే నీలం కాస్తా చిక్కటి పసుపైంది. మొదటి డోసు నమూనా పక్కనే లేత పసుపులో ఉంది.

ఈ కణాలన్నీ రక్తంలోంచే వచ్చాయి. నాళం లోపలి పొర మీద సెలెక్టిన్‌లు పట్టి నెమ్మదింపజేస్తే దొర్లుతూ వచ్చి, ఐకామ్-1 అనే ప్రొటీన్ దొరికినచోట గట్టిగా అతుక్కుని, కణాల సందుల్లోంచి బయటపడతాయి.

జూలై 16

ఆరో డోసు పూర్తయింది. మూడు నెలలకి సిస్టోస్కోపీ. ఆయనకి మంచే జరగాలి. కానీ బీసీజీ అందరికీ పనిచేయదు, కొందరిలో కణితి మళ్లీ వస్తుంది. వాళ్ల రక్తనాళాలు కణాలను బయటికి పంపడం లేదా? పారబోసే మూత్రంలోనూ, మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్కలోని సన్ననాళాల్లోనూ ఆ జవాబు వెతకాలి. రెండూ ఒకే రోగివి, ఒకేచోట దాచితేనే పోల్చగలం. పెద్దాయన చదివి అర్థం చేసుకోగల తెలుగులో అంగీకారపత్రం రాసి, రేపు ఎథిక్స్ కమిటీకి పంపుతాను.