వాన వెంట తూనీగ

మొన్న వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంకాలం మా అబ్బాయితో రావిర్యాల చెరువుకట్ట ఎక్కాను. పడమట, 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయం వైపు విమానాలు దిగుతున్నాయి. మా నెత్తిమీద పసుపువన్నె తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. వీడేమో తోకకు కట్టడానికి దారపుండ సిద్ధం చేశాడు!

"ఇది ఎంతదూరం పోతుందో తెలుసునురా?" అన్నాను.

శాస్త్రజ్ఞులు దీన్ని పాంటాలా ఫ్లావెసెన్స్ అంటారు. వాననీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల ఆ నీళ్లలోనే దోమపిల్లలను తింటూ, ఆరు నుంచి తొమ్మిది వారాల్లో పెరిగి, గడ్డిపరక మీదికి పాకి, కుబుసం విడిచి రెక్కలు విప్పుతుంది. గుంట ఎండేలోగా ఇదంతా కావాలి. ఆపైన వాన ఎక్కడుంటే అక్కడికే ప్రయాణం. మాల్దీవుల్లో ఉండి వీటి రాకపోకలు గమనించిన ఛార్లెస్ ఆండర్సన్, ఇవి ఈశాన్యపు గాలి ఆసరాతో భారతదేశం నుంచి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రకటించారు. తిరిగి వచ్చేవి వీటి సంతతి.

కట్టకింద ఒక గుంటను మట్టితో పూడ్చి హద్దురాళ్లు పాతారు. అంత సముద్రం దాటి వచ్చిన తూనీగకు గుడ్లు పెట్టడానికి కావలసింది అలాంటి జానెడు నీళ్లే.

అబ్బాయి కాసేపు పైకి చూసి, దారపుండ మళ్లీ జేబులో వేసుకున్నాడు.