పాజిటివ్ రావాలని

చుక్కి ముక్కులోంచి రక్తం కారుతోందని మొదట చూసింది అమ్మ. హాల్లో తెల్లటి టైల్స్ మీద కుంకుమ నీళ్లు ఒలికాయనుకుని తుడిచిందట. ఆ చుక్కలు వరండా దాకా వరసగా కనిపించేసరికి నన్ను కేకేసింది. అది 2020 ఏప్రిల్ చివర. తారీఖు గుర్తులేదు. లాక్‌డౌన్‌లో ఆదివారానికీ బుధవారానికీ తేడా లేకుండా పోయింది.

మేం అప్పుడు చందానగర్‌లో ఉండేవాళ్లం. చుక్కి నాటు కుక్క. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లటి మచ్చ. అప్పటికి రెండు రోజులుగా పెరుగన్నం వాసన చూసి మూతి తిప్పేసుకుంటోంది. ఎండలు ముదిరాయి కదా, అందుకేలే అనుకున్నాం.

మాకు తెలిసిన పశువుల డాక్టరుగారి క్లినిక్ మియాపూర్ దాటాక ఉంది. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని పోలీసులు ఆపుతున్న రోజులవి. తమ్ముడు స్కూటర్ నడుపుతుంటే నేను వెనక కూర్చుని చుక్కిని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టి, దుప్పటి కొంచెం తొలగించి చూశాడు. "మా ఇంట్ల గూడ ఒకటున్నది. పోండ్రి, జల్ది పోండ్రి" అన్నాడు. ఇది పోయేటప్పుడు జరిగిందో వచ్చేటప్పుడో ఇప్పుడు చెప్పలేను. తమ్ముణ్ణి అడిగితే అసలు మమ్మల్నెవరూ ఆపలేదంటాడు. నాకు మాత్రం ఆ గొంతు ఇంకా వినిపిస్తుంది.

డాక్టరుగారు చుక్కి పెదవి పైకెత్తి బొటనవేలితో చిగురు నొక్కారు. వేలు తీశాక ఆ చోటు తెల్లగానే ఉండిపోయింది. మామూలుగా అయితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలట. పొట్ట కింద వెంట్రుకలు పక్కకు తీసి చూపించారు. సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. ముందుకాలి మీద కాస్త బొచ్చు గొరిగి, ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి రక్తం తీశారు. ఒక బొట్టు గాజు పలక మీద వేసి, ఇంకో పలక అంచుతో పల్చగా లాగారు. రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టి చాలాసేపు చూశారు. ఆయన కళ్లజోడు ఆవిరి పట్టడం, మాస్కు కిందికి లాగబోయి మళ్లీ ఆగిపోవడం గుర్తున్నాయి.

ప్లేట్‌లెట్లు 31 వేలు. కుక్కలకు కనీసం రెండు లక్షలైనా ఉండాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమోనని ఆయన అనుమానం. ఎర్లికియా అనే బ్యాక్టీరియా పిడుదు కాటుతో రక్తంలోకి చేరి తెల్లకణాల్లో దాక్కుంటుంది. గాజు పలక మీద అది కనపడితే సరే, చాలాసార్లు కనపడదు. మాకూ కనపడలేదు. అందుకని పీసీఆర్ పరీక్షకు వేరే ఊళ్లోని ల్యాబ్‌కు పంపాలన్నారు. కొరియర్లు సరిగా నడవడం లేదు, ఎప్పటికొస్తుందో చెప్పలేనన్నారు. ఈలోగా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టమని, జబ్బు అదే అయితే 28 రోజులు ఆపకుండా వేయాలని చెప్పారు.

"నెగెటివ్ వస్తే?" అని అడిగాను.

"ఎముక మజ్జ తీసి చూడాలమ్మా. మజ్జే పని మానేసిందేమో, క్యాన్సరేమో... అక్కడిదాకా పోనివ్వొద్దని కోరుకుందాం. పిడుదు జ్వరమైతే మన దగ్గర మందుంది. పాజిటివ్ రావాలని మొక్కుకోండి."

టీవీలో పొద్దున్నుంచి రాత్రిదాకా పాజిటివ్‌లెన్ని, నెగెటివ్‌లెన్ని అన్నదే వార్త. ఊరంతా నెగెటివ్ కోసం దణ్ణాలు పెడుతుంటే మా ఇంట్లో దేవుడికి తిరగేసిన మొక్కు. అమ్మ రోజూ దీపం పెట్టి, "దానికి ఆ పిడుదు జబ్బే అయ్యుండాలి స్వామీ" అనేది.

ఆ మాత్ర ఖాళీ కడుపున వేయకూడదు. చుక్కేమో ఏమీ తినదు. పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టని మా అమ్మ వరండాలో కరెంటు పొయ్యి పెట్టి కోడి కార్జాలు ఉడికించింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చెంచాతో మెదిపి, మాత్ర అందులో దాచి తినిపించేది. ఆ వాసన వంటింట్లోకి వస్తే అగరొత్తి వెలిగించేది. పొయ్యి మాత్రం ఆర్పలేదు.

ఎదురింటావిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి పరీక్షలేంటమ్మా?" అంది. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ చిన్నకొడుకు దుబాయిలో ఉద్యోగం పోయి, విమానాల్లేక చిక్కుకుపోయాడని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ కూడా మాలాగే ఫోను పక్కన పెట్టుకుని కూర్చుందన్నమాట. ఆవిడ మాట ఇప్పటికీ ఒప్పుకోను. కోపం మాత్రం లేదు.

రాత్రిళ్లు చుక్కి పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని. చెయ్యి దాని పక్కటెముకల మీద పెట్టి ఊపిరి లెక్కపెట్టేదాన్ని. ఒక తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. గూడ్సు బండేమో అనుకున్నాను. అది మే 1 అని, వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిందని టీవీ పెట్టాక తెలిసింది. నేను విన్న కూత దానిదేనో కాదో. అంతమంది చీకట్లో స్టేషన్‌కు చేరి ఉంటారు, మా వీధిలో చప్పుడే లేదు.

రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఎర్లికియా కానిస్, పాజిటివ్. నేను పైకి చదవగానే అమ్మ దేవుడి పటం వైపు తిరిగి చేతులు జోడించి ఏడ్చేసింది. ఆ ఏడుపు విని ఎదురింటావిడ తలుపు తీసి, "ఏమైంది వదినగారూ?" అని కంగారుగా అడిగింది. "మా చుక్కికి జబ్బు ఉందటండీ" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ. ఆవిడకి ఎంత అర్థమైందో గానీ, సాయంత్రం గిన్నెడు గడ్డపెరుగు పంపింది.

మందు పూర్తయ్యేసరికి ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయని డాక్టరుగారు చెప్తే తమ్ముడు వరండా అంతా సిమెంటుతో పూడ్చాడు. చుక్కి ఇంకో మూడేళ్లు బతికి ముసలితనంతో పోయింది.

అంత పెద్ద కష్టకాలంలో ఒక కుక్క కోసం మేం పడ్డ ఆరాటం ఏ మనిషికీ దక్కాల్సినదాన్ని తగ్గించలేదని నా నమ్మకం. దుప్పటి తొలగించి చూసిన కానిస్టేబులూ, పెరుగు పంపిన ఆవిడా నాకు ఆ ఆరాటం వల్లే దగ్గరయ్యారు. ఇప్పుడెవరైనా ఫోన్ చేసి, కుక్క రిపోర్టు కోసం చూస్తున్నామని బిక్కుబిక్కుమంటూ చెబితే, ముందు చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయని అడుగుతాను. తర్వాత, అన్నం తిందా అని. ఆ తర్వాత, మీరు తిన్నారా అని.